మబ్బుల విత్తనం కోసం పేరుపాలెం దాకా

మేఘాలు ఎక్కడ మొదలవుతాయో చూసి రావడానికి వెళ్తున్నానని మా కాలేజీ స్టాఫ్‌రూములో చెప్పాను. "అయితే అరకు వెళ్లాలి గాని, మొగల్తూరు వైపు వెళ్లడమేంటండీ?" అని తెలుగు మేడంగారు నవ్వారు. అరకులో మబ్బులు కనిపిస్తాయి, కాదనను. కానీ కొండ మీద కనిపించే మబ్బుకి కావలసిన సరుకులో కొంత సముద్రం మీద తయారవుతుంది. ఆ సరుకుని ఒక చిటికెడు పట్టుకు రావడం నా పని. చిటికెడు అన్నది కూడా ఎక్కువే. కంటికి కనపడనంత చాలు.

నేను రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఉండేది సామర్లకోట. రోజూ రైల్లో తిరుగుతూ, పేపర్లు దిద్దుకుంటూ, దాంతోపాటు ఏళ్ల తరబడి ఒక పీహెచ్‌డీని నెత్తిన మోస్తున్నాను. సముద్రంలో బతికే సూక్ష్మమైన మొక్కలు పైనున్న గాలిలో ఏం వదులుతున్నాయి, అందులో మబ్బు కట్టడానికి పనికొచ్చేది ఎంత అన్నది నా ప్రశ్న. కిందటేడు మార్చిలో కాకినాడ వైపు ప్రయత్నించాను. ఓడల పొగ, లారీల పొగ కలిసి గాలిని వడగట్టే నా కాగితపు ఫిల్టర్లకు కాటుక పెట్టి పంపించాయి. మా గైడుగారు ఆ నల్ల కాగితాలు ఒక్కొక్కటీ తిప్పి చూశారు. చివరికి, "ఈ మార్చిలో కూడా శుభ్రమైన సముద్రపు గాలి దొరకకపోతే ఈ టాపిక్ వదిలేద్దామమ్మా" అన్నారు.

వదిలేయడమంటే ఇన్నేళ్ల చాకిరీనీ మూట కట్టి అటక మీద పెట్టేయడమే. అందుకని పొగలేని తీరం ఎక్కడుందా అని మ్యాపు ముందు వేసుకుని కూర్చున్నాను. విశాఖపట్నంలో ఒక ల్యాబువాళ్లు గాలి పీల్చే యంత్రాన్ని నాకు ఒక్క వారానికి అరువిచ్చారు. దాంతోపాటు మూడు ఫిల్టర్లు ఇచ్చారు. వాటిలో ఒకటి గాలి తగలకుండా తీసుకెళ్లి, అలాగే వెనక్కి తేవాలి, పోల్చి చూసుకోవడానికి. అంటే నా చేతిలో ఉన్నవి రెండే అవకాశాలు. గాలి తేకుండా ఇంటికి రానని మా ఇంట్లో చెప్పి బయల్దేరాను. మావారు "గాలి ఇక్కడా ఉంది" అన్నారు గాని, నా మొహం చూసి యంత్రం బ్యాటరీ మోయడానికి స్టేషను దాకా వచ్చారు.

నరసాపురం రైలు: చెమట పట్టిన సీసా

యంత్రానికి పాత దుప్పటి చుట్టి, పక్క సీటులో కూర్చోబెట్టాను. రాజమండ్రిలో ఎక్కిన పెద్దాయన దానివంక, నావంక మార్చి మార్చి చూశారు. తెల్ల చొక్కా, చేతికి ఉంగరాలు, మాటలో భీమవరం వైపు మర్యాద. పేరు సుబ్బరాజుగారు. మొగల్తూరు దగ్గర రొయ్యల చెరువులు సాగు చేస్తారట.

"అందులో ఏంటండి, కుట్టుమిషనా?"

"కాదండి. గాలి పట్టే మిషను."

"గాలి పట్టుకెళ్తారా? మా ఊళ్లో గాలి ఊరికే ఇస్తామండి. పెట్టె మాత్రం మీదే తెచ్చుకోవాలి."

నాకూ నవ్వొచ్చింది. నిడదవోలులో ఆయన చల్లటి నీళ్ల సీసా కొన్నారు. కాసేపటికే దానికి బయటంతా చెమట పట్టింది. నాకు పాఠం చెప్పే జబ్బు ఉంది. సీసా చూపించి, ఆ తడి ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను.

"గాలిలోదే కదండి, ఆవిరి."

"ఆవిరి చల్లబడింది, అంటుకోవడానికి సీసా దొరికింది, నీళ్లయింది. మరి పైన ఆకాశంలో ఆవిరి చల్లబడితే దేనికి అంటుకుంటుందండి?"

ఆయన కిటికీలోంచి పైకి చూశారు. మార్చి ఎండలో అక్కడ చూపించుకోవడానికి ఒక్క మబ్బు కూడా లేదు. "దేనికీ అంటుకోదు" అన్నారు.

అసలు ఇబ్బంది అక్కడే ఉంది. ఆవిరి ఎంతున్నా, అది కూర్చోవడానికి గాలిలో ఒక నలుసు ఉండాలి. నేల మీద అయితే దుమ్ము, పొగ ఉంటాయి. మరి నేల కనపడనంత దూరంలో సముద్రం మీద నలుసు ఎక్కడిది? అల విరిగినప్పుడు నురగ బుడగలు పగిలి ఉప్పు తుంపరలు లేస్తాయి. అవి కొన్ని. వాటికంటే చిన్నవి, మబ్బుకి బాగా పనికొచ్చేవి ఇంకో దారిన వస్తాయి. సముద్రం పైపొరలో తేలే సూక్ష్మమైన మొక్కల వల్ల గంధకం కలిసిన ఒక వాయువు పుడుతుంది. ఒడ్డున నిలబడితే వచ్చే సముద్రపు వాసనలో కొంత దానిదే. అది గాలిలోకి చేరి, ఎండకి మారి, ఆమ్లాలై, కంటికి కనపడని నలుసులవుతుంది. ఆవిరి వాటి మీద కూర్చుంటుంది.

"మీరనేది ప్లాంక్టన్ గురించా?" అంటూ సుబ్బరాజుగారు నిటారుగా కూర్చున్నారు. "అలా చెప్పండి మరి. మా చెరువుల్లో దానికోసమే కదండి, బెల్లం తవుడు పులియబెట్టి పోసేది. నీళ్ల రంగు చూసి ఏ చెరువులో ఎంతుందో చెప్పేస్తాను."

"మీ చెరువులు చిన్నవండి. నాకు కావలసింది సముద్రానిది."

"చిన్నవైతే చిన్న మబ్బులే కట్టనివ్వండి. ఈ సంగతి ముందే తెలిస్తే వాన పడినప్పుడల్లా వరి రైతుల దగ్గర వసూలు చేసేవాణ్ణి కదండి."

మార్చినే ఎందుకు ఎంచుకున్నానని ఆయన అడిగారు. ఈ రోజుల్లో తీరం దగ్గర అడుగునున్న చల్లటి నీళ్లు పైకి వస్తాయి, వాటితో ఎరువూ పైకి వస్తుంది, మొక్కలు దట్టంగా పెరుగుతాయి. పైగా గాలి పగలంతా దక్షిణం నుంచి, సముద్రం మీదుగా వీస్తుంది. అదంతా విని, మర్నాడు తన కారులో నన్ను తీరానికి దింపుతానని మాటిచ్చారు. వద్దంటే వినే మనిషి కాదు. డెల్టాలో మర్యాదని కాదనడం కంటే ఒప్పుకోవడమే సులువు.

నరసాపురం: మార్తమ్మగారి అరుగు

నా తోటి లెక్చరర్ తల్లి మార్తమ్మగారి ఇంట్లో ఆ పూట ఉన్నాను. బడిపంతులమ్మగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు వీధి అరుగు మీద మరో ఇద్దరితో కలిసి లేసు అల్లుతూ ఉంటారు. చేతులు అల్లుకుపోతుంటాయి, కళ్లు మాత్రం వీధిలో వచ్చేపోయేవాళ్ల మీద ఉంటాయి. ఒక బల్లగుడ్డ ముట్టుకుని చూసి, బయట దుకాణంలో దాని ధర విని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అల్లినావిడకి అందేది అందులో ఎంత తక్కువో విన్నాక గుడ్డని జాగ్రత్తగా మడత పెట్టి ఇచ్చేశాను.

క్రైస్తవులకు అవి శ్రమకాలం రోజులు. ఈస్టరు దాకా ఆవిడ చేప ముట్టరు. నాకు మాత్రం మామిడికాయ వేసి చేపల పులుసు వండారు. మా సామర్లకోట వైపు చింతపండే గాని మామిడికాయ వెయ్యం. నేను రెండోసారి అన్నం పెట్టించుకుంటే, తాను చారు పోసుకుని తింటూ సంతోషపడ్డారు.

"నేను తినకపోతే ఏమైందమ్మా, వాసన చూస్తూనే ఉన్నాను కదా" అన్నారు.

పడుకునే ముందు ప్రార్థనలో ఇంటివాళ్ల పేర్లు, ఊళ్లో జబ్బుగా ఉన్నవాళ్ల పేర్లు చెప్పి, ఆఖరున "ప్రభువా, ఈ బిడ్డ పట్టుకెళ్లే గాలి శుభ్రంగా ఉండేట్టు చూడు" అన్నారు. నా పరిశోధన గురించి నా గైడుగారు కూడా ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేదు. కళ్లు తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి, దాచుకోలేదు.

మొగల్తూరు: ఎరేటర్లు, పెసరట్టు

సుబ్బరాజుగారు పొద్దున్నే వచ్చేశారు. దారిలో తన చెరువు గట్టు మీద కారు ఆపి, గాజు గ్లాసుతో నీళ్లు ముంచి ఎండకి ఎత్తి పట్టారు. లేత పచ్చగా, గోధుమరంగు కలిసి ఉన్నాయి. "ఇదండి ఆరోగ్యం" అన్నారు, సొంత పిల్లవాణ్ణి చూపించినట్టు. చుట్టూ చెరువుకి గాలి పట్టించే ఎరేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి. కరెంటు పోవడంతో జనరేటర్లు కూడా మోగుతున్నాయి. ఆ పొగ చూసి, ఈ దగ్గరలో నా పెట్టె తెరిచే ప్రసక్తే లేదని చెప్పాను. ఆయన ఏమీ నొచ్చుకోలేదు. హోటల్లో పెసరట్టు ఉప్మా తినిపించి, పేరుపాలెం దాటించి, జనం వచ్చే బీచికి దూరంగా ఉన్న ఒక చేపలవాళ్ల పల్లెలో దింపారు.

"మీ మిషను పెట్టుకోవడానికి తుఫాను షెల్టరు మేడ ఉందండి, తాళం సత్యవతి దగ్గర ఉంటుంది. వాళ్లాయన వెంకన్న నాకు బాగా తెలుసు. మీకు ఏ లోటూ రానివ్వరు" అని చెప్పి వెళ్లారు. ఆ లోటు రానివ్వకపోవడమే నా కొంప ముంచుతుందని నాకు అప్పుడు తెలియదు.

తుఫాను షెల్టరు మేడ

సముద్రానికీ ఇళ్లకీ మధ్య, ఇసుకలో ఎత్తు స్తంభాల మీద కట్టిన తుఫాను షెల్టరు ఉంది. మిగతా రోజుల్లో దాని నీడన వలలు బాగుచేసుకుంటారు. మేడ ఎక్కితే ఎదురుగా దక్షిణాన సముద్రం, వెనక ఉత్తరాన ఊరు. నేను మ్యాపులో వెతికింది అచ్చంగా ఇలాంటి చోటే. గాలి మొహానికి సూటిగా తగులుతోంది. దానిలో పొగ వాసన లేదు, ఉప్పూ పచ్చి వాసనా తప్ప.

సత్యవతి నాకంటే కాస్త పెద్దది. మాట మెత్తన, నడక విసురు. నేను వద్దంటున్నా బ్యాటరీ తనే ఎత్తుకుని మెట్లెక్కింది. పంపు పెట్టి, గొట్టం బిగించి, పొడవాటి కర్రకి ఫిల్టరు మూతి కట్టాను. గాలి ఏ దిక్కు నుంచి వస్తోందో రాసుకునే చిన్న మీటరు యంత్రంలోనే ఉంది. పంపు మొదలుపెట్టగానే ఆ చప్పుడుకి పల్లెలో సగం మంది మేడ మీదికి వచ్చారు. ముట్టుకోవద్దంటే ముట్టుకోలేదు గాని, చూపు మాత్రం తిప్పలేదు.

"ఇది సముద్రాన్ని పీలుస్తుందంటండి?" అని ఒకావిడ.

"సముద్రాన్ని కాదండి, దాని మీది గాలిని."

అంతలో పంపు టక్కున ఆగిపోయింది. చూస్తే బ్యాటరీ తీగ వదులైంది. బిగించాను, మళ్లీ తిరిగింది.

"ఇంతమంది ఒక్కసారే చూశారు కదండి. దిష్టి తగిలుద్ది" అంది సత్యవతి. నేను నవ్వేశాను. మా ఊళ్లో కొత్త దుకాణానికి గుమ్మడికాయ కడతారు, లారీ ముందు నిమ్మకాయలు వేలాడదీస్తారు. పంపుకి కూడా దిష్టి తగులుతుందని వినడం అదే మొదటిసారి.

ఉప్పూ ఎండుమిరపకాయలూ

మధ్యాహ్నం సత్యవతి తన ఇంటి వసారాలో నాకు వేడి అన్నం, రొయ్యల వేపుడు, పప్పుచారు పెట్టింది. కంచం ముందు కూర్చోబెట్టి, "మీరు తింటా ఉండండి మేడంగారండి, నేనొకసారి మేడ మీదికెళ్లొస్తాను" అని వెళ్లింది. యంత్రానికి కాపలా ఉంటుంది కాబోలు అనుకుని నేను నిశ్చింతగా మజ్జిగ దాకా వచ్చాను. కాసేపటికి తిరిగొచ్చి, గుమ్మంలోనే చేతులు దులుపుకుంటూ, "ఇంకేం బయం లేదండి" అంది.

"భయం దేనికండీ?"

"మిషనుకి దిష్టి తీసేశానండి. ఉప్పు, ఎండుమిరపకాయలు మూడుసార్లు తిప్పి నిప్పుల్లో ఏశాను. కానీ ఎంత దిష్టండీ బాబూ, మిరపకాయలు మాడినా ఘాటే రాలేదు."

దిష్టి లేకపోతే మిరపకాయల ఘాటుకి దగ్గు రావాలి, దిష్టి ఉంటే ఘాటు రాదు. మా అమ్మమ్మా అదే చెప్పేది. నేను కంచం అలాగే వదిలి, ఎంగిలి చేత్తో మెట్లెక్కాను.

ఫిల్టరు మూతికి సరిగ్గా కింద, కొబ్బరిచిప్పల నిప్పులున్న పాత ఇనప మూకుడు ఉంది. నిప్పుల్లో ఉప్పు ఇంకా చిటపటమంటోంది. ఘాటు ఎందుకు రాలేదో నాకు వెంటనే అర్థమైంది. సగం గాలి లాక్కుపోయింది, మిగతా సగం నా పంపు మింగేసింది. మూతి విప్పేసరికి కళ్లు భగ్గుమన్నాయి. తెల్లగా ఉండాల్సిన ఫిల్టరు టీ వడగట్టిన గుడ్డలా ఉంది.

అరిచాను. ఆ రోజు నేను ఏమేమి అన్నానో అన్నీ ఇక్కడ రాయను. "ఎవరు చెప్పారండీ మిమ్మల్ని?" అన్నది మాత్రం గుర్తుంది. సత్యవతి మెట్ల దగ్గర నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మిషను ఆగిపోయింది కదండి. మీరు అంత దూరం నుంచి మోసుకొచ్చారని..." అంది.

కోపం ఎంతసేపు నిలుస్తుంది? ఆవిడ తన చేతిలో ఉన్న మంచి మందు నా యంత్రానికి వేసింది, అంతే. నేను ఆ మేడ మీదే కూర్చుని మొహం కడుక్కున్నాను. ఒక ఫిల్టరు పోయింది, ఒకటి మిగిలింది. తెచ్చి సరిచూసుకోవడంలోనే అరువు వారం చాలా భాగం పోయింది, మర్నాడు సాయంత్రం దాటితే యంత్రం విశాఖపట్నానికి బయల్దేరాల్సిందే. పోయినదాని గురించి ఏడవడానికి ఇంటికెళ్లాక బోలెడంత తీరిక ఉంటుంది. మిగిలినదాన్ని కాపాడుకోవాలి.

పడవల దగ్గర

మిగిలినదానికి ఇంకో గండం ఉంది. పగలు గాలి బాగా వీచే వేళకే పడవలు ఒడ్డుకి చేరతాయి. వాటి ఇంజన్ల పొగ సూటిగా నా మేడ మీదికి వస్తుంది. ఆ సాయంత్రం ఒడ్డుకెళ్లి, వెంకన్ననీ అతనితో ఉన్న పడవలవాళ్లనీ అడిగాను. రేపొక్కరోజు పడవల్ని తూర్పున, దూరంగా దింపుకోగలరా అని. అక్కడి నుంచి చేపల తట్టలు ఇసుకలో మోసుకురావాలి. చిన్న కోరిక కాదు, నాకు తెలుసు.

వెంకన్న వల మడత పెడుతూ విన్నాడు. "మీరు కొలిస్తే వాన ఎప్పుడు పడుద్దో తెలుస్తుందాండి?"

"తెలియదండి."

"తుఫానో?"

"అదీ చెప్పలేను."

అతను వల పక్కన పెట్టి నావంక చూశాడు. "మరి దేనికండి?"

అబద్ధమాడితే పని సులువుగా అయ్యేది. కానీ కొలతల కోసం వచ్చి అబద్ధమాడితే ఇంకేం మిగులుతుంది? మన సముద్రంలోని మొక్కలు మబ్బులకి ఎంత ఇస్తున్నాయో కొలిచినవాళ్లు చాలా తక్కువని చెప్పాను. కొలతలు లేనిచోట వేరే సముద్రాల కొలతలతో సర్దుకోవాలి. ఒకే ఆకాశమైనా అన్ని సముద్రాలూ ఒక్కలాంటివి కావు, గోదారి కలిసే సముద్రం ఇంకెక్కడా లేదు. రేపు ఎవరైనా వానల లెక్క వేసేటప్పుడు మన సముద్రానికి మన సముద్రం లెక్కే వాడాలంటే ముందు ఎవరో ఒకరు కొలవాలి. నాకు మిగిలింది ఒకే ఒక్క ఫిల్టరు, అది కూడా పోతే నా పని ఇంతటితో ఆగిపోతుంది.

"ఎక్కడి చేపలకో కట్టిన రేటుకే మన చేపలమ్మమంటే ఒప్పుకుంటామేంటి" అని వెంకన్న పక్కవాడితో అన్నాడు. దాని అర్థం సరే అనా, కాదనా నాకు తెలియలేదు. నా వెనక సత్యవతి ఎప్పుడు వచ్చి నిలబడిందో, "తూరుపు వైపే దింపుకుంటారండి. మీరు పదండి" అంది.

పొయ్యి వెలగని రోజు

మర్నాడు దక్షిణపు గాలి స్థిరంగా అందుకునేదాకా ఆగి, ఆఖరి ఫిల్టరు బిగించాను. ఇక కిందికి దిగనని శపథం పట్టాను. బ్యాటరీ మీద గొడుగు పట్టుకుని, చెమటతో తడుస్తూ కూర్చున్నాను. పడవలు తూర్పున దూరంగా చుక్కల్లా ఒడ్డెక్కాయి. ఆడవాళ్లు తట్టలు నెత్తిన పెట్టుకుని ఇసుకలో బారుగా నడిచి వస్తుంటే చూడలేక తల తిప్పుకున్నాను.

సత్యవతి షెల్టరు మొదటి మెట్టు మీద కూర్చుంది. బీడీ ముట్టించబోయిన ఒకాయన్ని వాళ్ల చుట్టమే అయినా లేపి పంపించింది. బీచి వైపు నుంచి వచ్చిన ఆటోని రోడ్డు మీదే ఆపి వెనక్కి తిప్పింది. మధ్యాహ్నం నాకు పెరుగులో నానబెట్టిన అటుకులు, అరటిపండు తెచ్చింది. ఎండకి చల్లగా ఉంటాయని తెచ్చిందనుకుని తినేశాను. ఆ వేళ గాలి కాసేపు సద్దుమణిగింది. పడిపోయిందేమోనని ప్రాణం ఉసూరుమంది. అంతలోనే మళ్లీ అందుకుంది. గొడుగు ఎగిరిపోకుండా రెండు చేతులా పట్టుకున్నాను.

పొద్దు వాలాక పంపు ఆపి, మూతి విప్పి ఫిల్టరు చూశాను. తెల్లగా ఉంది, పెట్టెలోంచి తీసినప్పుడు ఎలా ఉందో అలాగే. సత్యవతి భుజం మీదుగా తొంగి చూసి నీరుగారిపోయింది.

"ఏమీ పడలేదాండి?"

"పడిందండి. సముద్రపు నలుసుకి రంగుండదు. తెల్లగా ఉండటమే నాకు కావలసింది."

ఆవిడ నమ్మినట్టు లేదు. నా మనసుకి సర్దిచెప్పుకోవడానికి అంటున్నాననుకుంది. నేను ఫిల్టరుని డబ్బాలో పెట్టి, మూత చుట్టూ టేపు వేశాను. అప్పుడు సత్యవతి పిట్టగోడ దగ్గరికి వెళ్లి, ఊరి వైపు చెయ్యి ఊపింది.

ఒక ఇంటి వెనక పొగ లేచింది. తర్వాత ఇంకో ఇంటి దగ్గర. చూస్తుండగా పల్లె అంతటా, ఒక్కో పెరట్లోంచీ కట్టెపొయ్యిల పొగ లేచి ఉత్తరంగా వాలిపోయింది. నేను అటుకుల గిన్నె గుర్తు చేసుకుని ఆవిడవంక చూశాను.

"పొద్దున్నుంచీ ఎవరూ వండలేదా?"

"లేదండి. గ్యాసున్నోళ్లని కూడా ఎలిగించొద్దన్నాను. ఎందుకొచ్చిందని."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అయినా నాలోని పంతులమ్మ ఊరుకోలేదు. "వండుకుని ఉంటే ఏమీ అయ్యేది కాదండి. గాలి సముద్రం వైపు నుంచి కదా, మీ పొగ అటు పోతుంది. నేను పడవల గురించి మాత్రమే కదా చెప్పాను" అన్నాను.

"ఏమోనండి, నిన్న నేను కూడా ఏం కాదనే అనుకున్నాను" అంది సత్యవతి.

ఆ పూట వాళ్లింట్లో వేడన్నం తిన్నాను. అందరం ఆకలి మీదున్నాం.

సామర్లకోట: ల్యాబు నుంచి వచ్చిన కబురు

యంత్రాన్ని గడువులోగానే అప్పజెప్పాను. ఫలితాలు రావడానికి కొన్ని వారాలు పట్టింది. ఈలోగా పేపర్లు దిద్దాను, ఇన్విజిలేషన్ చేశాను, ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. చివరికి ల్యాబు నుంచి చెప్పారు. ఆ తెల్ల ఫిల్టరులో సముద్రపు మొక్కల వాయువు వల్ల పుట్టే ఆమ్లం ఉంది, అనుమానం అక్కర్లేనంత స్పష్టంగా. పొగ జాడ లేదు. మా గైడుగారు కాగితం రెండుసార్లు చదివి, "చాప్టర్ మొదలుపెట్టమ్మా" అన్నారు. ఆయన అంతకంటే ఎక్కువ సంతోషపడ్డం నేను ఎప్పుడూ చూడలేదు.

చాప్టర్ రాయడానికి గాలి మీటరు రాసుకున్న వివరాలు కంప్యూటర్లో తెరిచాను. ఆ మధ్యాహ్నం గాలి సద్దుమణిగిందని నేననుకున్న వేళ అది సద్దుమణగలేదు, తిరిగింది. కాసేపు పూర్తిగా ఉత్తరం నుంచి, గొడుగు చాటున నాకు తెలియనంత మెల్లగా, ఇళ్ల మీదుగా నా మేడ మీదికి వీచింది. సరిగ్గా ఊళ్లో అన్నం వండుకునే వేళ. ఆ గీత మీద వేలు పెట్టి, గంటలు మళ్లీ సరిచూసుకున్నాను.

సత్యవతికి ఫోను చేసి, ఉన్నదున్నట్టు చెప్పాను. ఏమీ అయ్యేది కాదని ఆ రోజు నేనన్నది తప్పని, మీ పొయ్యిలు వెలిగి ఉంటే ఆ ఫిల్టరు కూడా పోయేదని, నా పని అక్కడితో ఆగిపోయేదని. ఆవిడ అంతా విని, ఫోను పక్కన పెట్టింది. తర్వాత ఎవరితోనో గట్టిగా, "మన పొగ తగల్లేదంట, మేడంగారి పని నిలబడిందంట" అని చెప్పడం వినిపించింది. మళ్లీ ఫోను దగ్గరికొచ్చింది.

"ఆ రోజు పిల్లలు అన్నం కావాలని ఒకటే ఏడుపండి. మీకు వినబడుద్దని ఊరవతలికి తీసుకెళ్లి ఆడించాం. ఇప్పుడు పిలిచి చెప్తాను వాళ్లకి."